లింగంపల్లి చౌరస్తా దాకా ఒక నడక: షోయబుల్లా ఖాన్ హత్య, 1948

హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైన తీరును మీరు గత పాఠాలలో చదివారు. యథాతథ ఒప్పందం, రజాకార్లు, సాయుధ పోరాటం, పోలీసు చర్య అనే మాటలు ఈపాటికి మీకు కొత్త కావు. ఈ పాఠాన్ని మాత్రం పుస్తకంతోపాటు కాళ్లతో కూడా చదవాలి. సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం పరిసరాల అభ్యాసకుల కోసం దీన్ని రాశాను. మీలో ఎక్కువమంది షిఫ్టు డ్యూటీలు చేసుకుంటూ చదువుతున్నవారే కాబట్టి ఒక ఆదివారం ఉదయం సరిపోయేలా నడకను కుదించాను. నలుగురైదుగురు కలిసి వెళ్తే మేలు. ఒకరు చదువుతుంటే మిగిలినవారు చుట్టూ చూడవచ్చు.

మనం చూడబోయేది ఒక రాజకీయ హత్య జరిగిన స్థలం. 1948 ఆగస్టు 21 రాత్రి 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను కాచిగూడ ప్రాంతంలో దారి కాచి చంపారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు కూడా నిండలేదు.

బయలుదేరే ముందు

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. పటాన్‌చెరు మనిషికి లింగంపల్లి అంటే శేరిలింగంపల్లి, అక్కడి రైల్వే స్టేషన్, స్టేషన్ బయట ఆటోల రద్దీ. హత్య జరిగిన లింగంపల్లి అది కాదు. నగరం నడిబొడ్డున కాచిగూడకూ బర్కత్‌పురకూ మధ్య లింగంపల్లి చౌరస్తా అని మరొకటి ఉంది. 'లింగంపల్లిలో హత్య' అన్న వాక్యాన్ని ఊళ్ల పేర్లు సరిచూడకుండా చదివితే సంఘటన 20 కిలోమీటర్ల పైచిలుకు పడమరకు జరిగిపోతుంది. పాత పత్రాల్లో కనిపించే ప్రతి ఊరి పేరు పక్కనా 'ఏ తాలూకా? ఏ పేట?' అని రాసుకునే అలవాటు ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఈ రెండు లింగంపల్లులనూ కలిపే రైలు కూడా ఉంది. మీ లింగంపల్లిలో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే సికింద్రాబాద్ మీదుగా కాచిగూడలో దిగవచ్చు.

మొదటి మజిలీ: కాచిగూడ స్టేషన్

గుమ్మటాలున్న ఈ భవనాన్ని 1916లో కట్టారు. నిజాం రైల్వేకు ఇదే కేంద్రం. లోపలి హడావుడి దాటి బయటికి వచ్చి, ఎదురుగా నిలబడి ఒకసారి భవనాన్ని చూడండి. సొంత రైలు, సొంత నాణెం, సొంత తపాలా ఉన్న రాజ్యం ఎలా ఉండేదో ఊహించడానికి ఇంతకన్నా తేలికైన చోటు నగరంలో తక్కువ. 1947లో ఆ రాజ్యపు పెద్దలు స్వతంత్రంగా ఉండగలమని ఎందుకు నమ్మారన్నది కూడా ఈ భవనం ముందు కొంత అర్థమవుతుంది.

షోయబుల్లా తండ్రి హబీబుల్లా ఖాన్ ఈ రైల్వేలోనే పోలీసు ఉద్యోగి. కొడుకు పుట్టిన రోజున గాంధీజీ ప్రయాణిస్తున్న రైలు మానుకోట మీదుగా వెళ్లిందనీ, డ్యూటీలో ఉండి ఆయనను చూసిన తండ్రి ఆ తరువాత కొడుకును ముద్దుగా 'షోయబుల్లా గాంధీ' అని పిలిచేవాడనీ ఒక కథ ఉంది. అందమైన కథ. చరిత్ర విద్యార్థి కథను కొట్టిపారేయకూడదు, అలాగని కళ్లు మూసుకుని ఎత్తి రాయనూ కూడదు. షోయబుల్లా పుట్టినది 1920 అక్టోబరు 17 అని చెబుతారు. గాంధీజీ ఏ రోజున ఏ ఊళ్లో ఉన్నారన్నది ఆయన రచనల సంపుటాల ద్వారా చాలావరకు తెలుసుకోవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం మీకు మొదటి అభ్యాసం. తేదీలు కలిసినా కలవకపోయినా, ఇలాంటి కథ ఈ మనిషి చుట్టూనే ఎందుకు అల్లుకుందన్న ప్రశ్న మిగులుతుంది. అది కూడా చరిత్రలో భాగమే.

దారిలో: పత్రిక పేరు 'ఈరోజు'

స్టేషన్ నుంచి చౌరస్తా వైపు నిదానంగా నడవండి. పావుగంట, ఇరవై నిమిషాల దారి. ఇమ్రోజ్ కార్యాలయం ఈ కాచిగూడ ప్రాంతంలోనే ఉండేది. నడుస్తూ ఆ పత్రిక సంగతి మాట్లాడుకోండి.

ఉస్మానియాలో చదువుకున్న షోయబుల్లా మొదట 'తేజ్' పత్రికలో, తరువాత మందుముల నరసింగరావు నడిపిన 'రయ్యత్'లో పనిచేశారు. ప్రభుత్వానికి కంటగింపుగా మారిన రయ్యత్ మూతపడింది. ఆ తరువాత బూర్గుల రామకృష్ణారావు వంటివారి తోడ్పాటుతో షోయబుల్లా స్వయంగా ఇమ్రోజ్ పెట్టారు. 1947 నవంబరు 15న మొదటి సంచిక వచ్చింది. సరిగ్గా రెండు వారాలకు, నవంబరు 29న, నిజాం ప్రభుత్వం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకుంది. ఇమ్రోజ్ అంటే 'ఈరోజు' అని అర్థం. ఆ పత్రిక బతికినదంతా ఆ ఒప్పందపు నీడలోనే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసిన విషయం భాష. నేటి మన లెక్కలో ఉర్దూ ముస్లింల భాష. ఆనాటి హైదరాబాద్‌లో అది కచేరీ భాష, కాలేజీ భాష, పత్రికల భాష. నరసింగరావు, బూర్గుల ఇద్దరూ ఉర్దూలో దిట్టలు. తెలుగు ఇళ్లలో పుట్టిన కాంగ్రెస్ నాయకులు అండగా నిలిచిన పత్రికను ఒక ముస్లిం యువకుడు ఉర్దూలో నడిపాడు. హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో చేరాలనీ, ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం రావాలనీ అందులో రాశాడు. కాంగ్రెస్ నాయకుడెవరో ఇంగ్లిషులో ఇదే మాట అంటే పాలకులు పట్టించుకోకుండా ఉండగలిగేవారు. ఉర్దూ చదివే ఉద్యోగి, వకీలు, విద్యార్థి పొద్దున్నే చాయ్ తాగుతూ చదివే పత్రికలో, ఒక ముస్లిం సంపాదకుడి కలం నుంచి ఆ మాట రావడమే వారికి మింగుడుపడలేదని నా అభిప్రాయం.

1948 వేసవి నాటికి చర్చలు తెగిపోయాయి. ఊళ్లలో రజాకార్ల దాడులు, వాటిని ఎదిరిస్తూ కమ్యూనిస్టుల దళాలు, సరిహద్దు అవతల కాంగ్రెస్ శిబిరాలు. ఆ దశలో మంజూర్ జంగ్, ఫరీద్ మీర్జా, బాకర్ అలీ మీర్జా వంటి ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన చేశారు. రజాకార్ల సంస్థను రద్దు చేయాలి, రాజ్యం యూనియన్‌లో చేరాలి అన్నది దాని సారం. వీరిలో ఫరీద్ మీర్జా రజాకార్ల ఆగడాలు చూసి సర్కారు కొలువు వదులుకున్నవాడు. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చువేసింది.

ఖాసిం రజ్వీ లాతూరులో వకీలుగా పనిచేసి, ఇత్తెహాద్-ఉల్-ముస్లిమీన్ పగ్గాలు పట్టి, రజాకార్లకు నాయకుడైన వ్యక్తి. ఆగస్టు 19న ఆబిడ్స్ ప్రాంతంలోని జమర్రుద్ మహల్ సినిమా హాలులో జరిగిన సభలో, తమకు వ్యతిరేకంగా లేచే చెయ్యి నరకబడుతుందన్న అర్థం వచ్చేలా మాట్లాడాడని ఆ కాలం గురించి రాసినవారు చెబుతారు. సభకూ హత్యకూ మధ్య రెండు రోజులు.

రెండవ మజిలీ: చౌరస్తా

చౌరస్తాలో ట్రాఫిక్‌కు అడ్డం కాకుండా ఒక దుకాణం అరుగు పక్కన నిలబడండి. ఇక్కడ జరిగినది క్లుప్తంగా చెబుతాను. ఇందులో వర్ణనకు తావు లేదు.

మరునాటి సంచిక పని ముగించుకుని అర్ధరాత్రి దాటాక షోయబుల్లా కార్యాలయం నుంచి ఇంటికి నడిచి వస్తున్నారు. వెంట బావమరిది ఇస్మాయిల్ ఖాన్ ఉన్నారు. చౌరస్తా దగ్గర కొందరు అడ్డగించారు. తుపాకీతో కాల్చారు, కత్తితో చెయ్యి నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ చెయ్యి కూడా తెగింది. షోయబుల్లా తెల్లవారేసరికి, అంటే ఆగస్టు 22న, చనిపోయారు. ఇస్మాయిల్ బతికారు.

ఇప్పుడు మీ దగ్గరున్న పుస్తకాలూ, వ్యాసాలూ తీసి పోల్చండి. కొన్నిటిలో హత్య తేదీ 21, కొన్నిటిలో 22. అర్ధరాత్రి దాటిన సంఘటనలకు ఇది మామూలే. జనం నోట ఆ రాత్రి 21దే, గడియారం లెక్కన అది 22. రెండవ తేడా ఇంకా ముఖ్యమైనది. తెగింది కుడిచెయ్యి అని కొందరు, రెండు చేతులూ అని కొందరు రాశారు. జమర్రుద్ మహల్ ప్రసంగం తలలో పెట్టుకుని రాసేవారికి చేతి సంగతి అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. తుపాకీ గుండు సంగతి వెనక్కి పోతుంది. చంపడానికి గుండు సరిపోయేది. చెయ్యి నరకడం బతికి ఉన్న మిగతా సంపాదకులకు పంపిన కబురు. మామూలు హత్యకూ రాజకీయ హత్యకూ తేడా ఏమిటని పరీక్షలో అడిగితే నిర్వచనం బట్టీపట్టి రాయకండి, ఈ ఒక్క వివరం రాసి వివరించండి.

ఈ చౌరస్తాలో నేను నిలబెట్టిన బృందాలలో ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. ఒకసారి పాశమైలారం నుంచి నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చిన కుర్రాడు సూటిగానే అడిగాడు: "సార్, రజాకార్లు ముస్లింలు గదా, మరి ముస్లింని ఎందుకు సంపిన్రు?" అతడికి చిన్నప్పటి నుంచి తెలిసిన 1948లో రెండే పక్షాలు. ఒకటి హిందువులు, రెండవది ముస్లింలు. ఆ లెక్కలో షోయబుల్లా ఎటు చేర్చినా ఇమడడు. అప్పుడు లెక్కే తప్పని ఒప్పుకోవాలి. ఆ కుర్రాడికి నేను ఇచ్చిన జవాబు చిన్నదే. రజాకార్లు కాపాడాలనుకున్నది ఒక అధికారాన్ని, మతాన్ని కాదు. ఆ అధికారానికి మతం పేరున కూడగట్టిన మద్దతు చెదరకుండా ఉండాలంటే, లోపలి నుంచి 'కాదు' అన్న గొంతు వారికి బయటి శత్రువు కన్నా ప్రమాదకరం.

అదే ఏడాది జనవరి 30న ఢిల్లీలో గాంధీజీని చంపిన చేతికి కూడా ఇదే కొలత వర్తిస్తుంది. అక్కడ హంతకుడూ హతుడూ ఇద్దరూ హిందువులే. బిర్లా హౌస్‌లో గాంధీజీ చివరి నడకను సిమెంటు అడుగులుగా పోసి ఉంచారు. ఢిల్లీ వెళ్లే అవకాశం వస్తే ఆ అడుగుల వెంట నడవండి. సరయేవో నగరంలో 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజును కాల్చిన చోటుది మరో తీరు. హంతకుడు ప్రిన్సిప్‌ను మెచ్చుకుంటూ 1930లో పెట్టిన ఫలకాన్ని 1941లో జర్మన్ సైన్యం ఊడదీసి హిట్లర్‌కు కానుకగా పంపింది. యుద్ధం తరువాత వచ్చిన ప్రభుత్వం మళ్లీ గౌరవ ఫలకం, కాలిబాట మీద అతడి అడుగుల గుర్తులు పెట్టింది. 1990ల యుద్ధంలో అవీ పోయాయి. తరువాత పెట్టిన ఫలకం పొగడ్తా తెగడ్తా లేకుండా, ఇక్కడి నుంచి కాల్చాడని మాత్రం చెబుతుంది. స్థలం అదే, ఫలకం మీది మాటలు మాత్రం ప్రభుత్వాలతోపాటు మారాయి.

మరి ఈ చౌరస్తాలో? చుట్టూ ఒకసారి వెతకండి. బోర్డు, ఫలకం, వీధి పేరు ఏది కనిపించినా ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఏమీ కనిపించకపోతే 'లేదు' అని తేదీతో సహా రాయండి. రెండు మూడు దుకాణాలలో షోయబుల్లా పేరు చెప్పి అడగండి. వచ్చిన జవాబులను దిద్దకుండా నోట్ చేసుకోండి.

మూడవ మజిలీ: కింగ్ కోఠి

చౌరస్తా నుంచి నారాయణగూడ మీదుగా కింగ్ కోఠికి అరగంట పడుతుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నివసించినదీ, 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసినదీ ఇక్కడే. ఎదురుగా ఉన్న జూడీ మసీదులో ఆయన సమాధి ఉంది. ప్యాలెస్‌లో ఒక భాగం చాలాకాలంగా సర్కారు దవాఖానా.

ఇక్కడికి రావడానికి కారణం ఇంకొకటి. 1947 డిసెంబరు 4న ఈ పరిసరాల్లోనే నిజాం కారు మీద నారాయణరావు పవార్ బాంబు వేశాడు. నిజాంకు దెబ్బ తగలలేదు. పవార్ ఆర్యసమాజానికి చెందిన న్యాయశాస్త్ర విద్యార్థి. మరణశిక్ష పడినా రాజ్యం మారడంతో అది అమలు కాలేదు. అతడు విడుదలై చాలా ఏళ్లు బతికాడు. రెండు సంఘటనలకూ మధ్య తొమ్మిది నెలలు లేవు, దూరం నడిచేంతే. మొదటిదాన్ని కొన్ని పుస్తకాలు సాహసమంటాయి, రెండవదాన్ని అన్నీ ఘాతుకమంటాయి. నా మటుకు నాకు రెండూ ఒకే తూకం కావు. ఒకచోట గురి సైన్యమూ జైళ్లూ చేతిలో ఉన్న పాలకుడి మీద, మరొకచోట కలం తప్ప ఏమీ లేని మనిషి మీద. అయినా 'రాజకీయ హత్యాయత్నం' అన్న పదాన్ని మొదటిదానికి వాడడానికి చరిత్ర విద్యార్థి జంకకూడదు. మీకు నచ్చిన పక్షం చేసిన పనికి వేరే పదం వెతుక్కున్నారంటే మీరు రాస్తున్నది చరిత్ర కాదు.

హత్య జరిగిన రోజు గురించి ఇంకొక సంగతి. మీర్ లాయక్ అలీ ప్రభుత్వం భారతదేశం మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేస్తూ పంపిన తంతి తేదీ కూడా 1948 ఆగస్టు 21. పగలు ప్రపంచాన్ని న్యాయం అడిగిన ప్రభుత్వానికి, ఆ రాత్రి తన రాజధానిలో ఒక సంపాదకుడు క్షేమంగా ఇల్లు చేరేలా చూడడం చేతకాలేదు, లేదా అవసరమనిపించలేదు. మండలి ఆ ఫిర్యాదును సెప్టెంబరు 16న పారిస్‌లో చేపట్టేనాటికి భారత సైన్యం రాజ్యంలోకి వచ్చి నాలుగో రోజు.

పోలీసు చర్య తరువాత రజ్వీని అరెస్టు చేశారు. షోయబుల్లా హత్యపై కూడా విచారణ జరిగింది. అయితే రజ్వీకి పడిన ఏడేళ్ల కఠిన శిక్షను 1953లో సుప్రీంకోర్టు ఖాయం చేసినది 1948 జనవరి నాటి బీబీనగర్ దోపిడీ కేసులో. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లి, 1970లో అక్కడే చనిపోయాడు. సుప్రీంకోర్టు తీర్పు ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. జ్ఞాపకాల పుస్తకాలలో కనిపించే రజ్వీనీ, సాక్ష్యాలూ సెక్షన్ల మధ్య తీర్పులో కనిపించే రజ్వీనీ పోల్చి ఒక పేజీ రాయండి. కోర్టుకు రుజువు కావలసినదీ, చరిత్రకారుడికి రుజువు కావలసినదీ ఒకటే కాదని మీకే తెలుస్తుంది.

తిరుగు ప్రయాణం: మీ ఊరి రోడ్డు

కోఠిలో బస్సెక్కి పటాన్‌చెరు వైపు తిరిగి వస్తారు. దయచేసి ఫోన్ పక్కన పెట్టి రోడ్డును చూడండి. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలోని సేన 1948 సెప్టెంబరు 13న షోలాపూర్ వైపు నుంచి రాజ్యంలోకి ప్రవేశించి నల్దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ దిక్కుగా రాజధాని వైపు కదిలింది. మీరు రోజూ కంపెనీ బస్సులో తిరిగే ముంబై హైవే ఆ షోలాపూర్ దారే. సెప్టెంబరు 17న నిజాం పోరు విరమించాడు. మరునాడు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. షోయబుల్లా చనిపోయిన 26వ రోజున ఆయన రాసినది నిజమైంది.

కానీ పాఠం ఇక్కడ ఆపేస్తే అది సగం పాఠమే. ఆ తరువాతి వారాల్లో ఎన్నో ఊళ్లలో ముస్లింల మీద పగ తీర్చుకోవడం మొదలైంది. రజాకారు ఎవరు, మామూలు సాయిబు ఎవరు అని చూసినవారు తక్కువ. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ఆ ఏడాది చివర జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. ఖాజీ అబ్దుల్ గఫార్ కూడా పత్రికా సంపాదకుడే, హైదరాబాద్‌లో 'పయామ్' స్థాపించినవాడు. రాజ్యమంతటా తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయి ఉంటారని ఆ నివేదిక అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పరిస్థితి అన్నిటికన్నా ఘోరమని అది చెప్పింది. ఆ తరువాత పేర్కొన్న ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాలు నాలుగింటిలో కలిపి కనీసం 5,000 మంది చనిపోయారంది. మెదక్ అంటే ఆనాటి మన జిల్లా. సంగారెడ్డి, పటాన్‌చెరు అప్పుడు అందులోవే.

నివేదిక దశాబ్దాలపాటు జనానికి అందుబాటులో లేదు. దానిలోని అంకెల మీద నేటికీ వాదం ఉంది, ఉండాలి కూడా. నా ఆరోపణ ఇంకొకరి మీద. ఏటా సెప్టెంబరు 17 రాగానే ఆ రోజును విమోచనమనాలా, విలీనమనాలా, సమైక్యత అనాలా అని వేదికల మీద కొట్లాడుకునేవారు షోయబుల్లా పేరును తమకు కావలసినంత మేరకే వాడుకుంటారు. ఒకరికి ఆయన రజాకార్ల క్రూరత్వానికి సాక్ష్యం, ఆయన ముస్లిం అన్నది వారికి అక్కర్లేదు. మరొకరికి ఆయన మతసామరస్యానికి గుర్తు, ఆయన భారత యూనియన్‌లో చేరాలని గట్టిగా వాదించాడన్నది వారికి ఇబ్బంది. ఆయన చనిపోయింది ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నందుకే.

మీ ఫీల్డ్ నోట్‌బుక్‌లో చివరి పని ఇంటి దగ్గరే ఉంది. 1948లో పదేళ్లున్నవారికి ఇప్పుడు 85 దాటింది. మీ ఊళ్లో అలాంటి పెద్దలు హిందువులలో ఒకరు, ముస్లింలలో ఒకరు దొరికితే వెళ్లి కూర్చోండి. 'రజాకార్ల గడబిడ' అన్న మాటతో మొదలుపెడితే చాలామందికి గుర్తుకొస్తుంది. ఆ ఏడాది ఊళ్లోకి ఎవరు వచ్చారు, ఎవరు ఊరు విడిచి వెళ్లారు, ఎవరు ఎవరింట్లో దాక్కున్నారు అని అడగండి. వారు చెప్పినది వారి మాటల్లోనే, వారి యాసలోనే రాసుకోండి. పేరు రాయడానికి ముందు అనుమతి అడగండి. వద్దంటే ఊరు, వయసు మాత్రం రాసి ఊరుకోండి.